అష్టా చెమ్మా

అష్టా చెమ్మా తెలుగువారి ఇళ్ళలో తరతరాలుగా ఆడుతూ వస్తున్న గవ్వల ఆట. ఐదు వరుసలలో ఐదేసి చొప్పున గీసిన 25 గడుల పటం మీద, నాలుగు గవ్వలు వేసి, పడిన పందెం ప్రకారం కాయలు నడుపుతూ ఇద్దరి నుండి నలుగురి వరకు ఆడవచ్చు. తన నాలుగు కాయలనూ పటం చుట్టూ తిప్పి, నట్టనడిమి గడికి అందరికంటే ముందు చేర్చినవారు గెలిచినట్లు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా (4), నాలుగూ బోర్లా పడితే అష్టా (8). ఆటకు ఈ రెండు పందేల పేర్లే నిలిచిపోయాయి.

ఈ ఆటకు కొనవలసిన వస్తువంటూ ఏదీ లేదు. అరుగు మీద సుద్దముక్కతోనో బొగ్గుతోనో పటం గీసి, నాలుగు చింతగింజలు అరగదీసుకుంటే చాలు. అమ్మకానికి లేని వస్తువు కాబట్టి దీనిని ప్రచారం చేసినవారు లేరు, నియమాలు అచ్చు వేసినవారూ తక్కువే. ఆట అంతా అమ్మమ్మల, నాయనమ్మల, మేనత్తల నోటిమాటగానే సాగింది. ఆ నోటిమాట ఒక తరంలో ఆగితే తరువాతి తరానికి పటం గుర్తుంటుంది గాని, కాయ ఎటు తిరగాలో గుర్తుండదు. నేడు చిన్ననాటి ఆటలను తిరిగి మొదలుపెట్టాలనుకునేవారికి తరచుగా ఎదురవుతున్న చిక్కు ఇదే.

పేర్లు

తెలుగునాట అష్టా చెమ్మా, అష్టాచమ్మా, గవ్వలాట అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. ఇంచుమించు ఇదే ఆటను కన్నడిగులు చౌకాబార అంటారు. తమిళుల దాయం దీనికి దగ్గరి చుట్టం. అక్కడ దాయం అంటే ఒకటి పందెం, అది పడితేగాని కాయ పటంలోకి దిగదు. గుజరాతులో ఇష్టో అనే పేరుతో ఆడతారు. పేరు మారినా నడిమి గడి గమ్యం కావడం, కాయలు వెలుపలి వరుస చుట్టి లోపలికి మళ్ళడం అన్నిచోట్లా ఒకటే.

పటం, గవ్వలు, కాయలు

పటంలో వెలుపలి వరుసలో 16 గడులు, లోపలి వరుసలో 8 గడులు, మధ్యలో ఒక గడి ఉంటాయి. నాలుగు వైపులా నడుమ ఉన్న గడిలో ఇంటూ గుర్తు వేస్తారు. అది ఆ వైపు కూర్చున్నవారి ఇల్లు. నడిమి గడిలో కూడా ఇంటూ గుర్తు ఉంటుంది. గుర్తు ఉన్న గడిలో నిలిచిన కాయను ఎవరూ చంపరాదు, అది ఎవరి ఇల్లైనా సరే. ఎక్కువసేపు ఆడదలచినవారు ఏడేసి గడుల పటం (49 గడులు) గీసి, గవ్వల సంఖ్యను ఆరుకు పెంచుతారు.

గవ్వ వీపు వైపు ఉబ్బెత్తుగా, నోటి వైపు చదునుగా ఉంటుంది. నోరు పైకి పడితే వెల్లకిలా, వీపు పైకి పడితే బోర్లా. వెల్లకిలా పడిన గవ్వలను లెక్కిస్తారు. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళలో చింతగింజను ఒకవైపు రాతి మీద నీళ్ళు చిలకరించి అరగదీస్తారు. అరిగిన వైపు తెల్లగా, రెండవ వైపు నల్లగా ఉంటుంది కాబట్టి గవ్వ చేసే పని అదీ చేస్తుంది. గింజలు సమంగా అరగకపోతే ఒకవైపే ఎక్కువసార్లు పడతాయి. ఓడిపోతున్నవారు ముందుగా అనుమానించేది గింజలనే.

కాయలకు ప్రత్యేకమైన వస్తువులు అక్కరలేదు. చీపురుపుల్ల ముక్కలు, పగిలిన గాజుముక్కలు, గులకరాళ్ళు, చొక్కా గుండీలు, రంగు విత్తనాలు ఏవైనా కాయలే. నలుగురి కాయలూ వేరువేరుగా గుర్తుపట్టేలా ఉంటే చాలు.

ఆడే విధానం

కాయలన్నీ మొదట ఎవరి ఇంట్లో వారివి ఉంటాయి. గవ్వలు వేసి, వచ్చిన పందెమెంతో అన్ని గడులు ముందుకు జరపాలి. వెలుపలి వరుసలో కాయ గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. తన ఇంటికి ఒక గడి ముందు వరకు వచ్చాక లోపలి వరుసలోకి మళ్ళి, అక్కడి నుండి గడియారపు ముల్లు తిరిగే దిశలో సాగి, చివరికి నడిమి గడి చేరుతుంది. అలా చేరిన కాయను "పండింది" అంటారు. కాయ పండడమన్న ఈ మాటను ఆటలోకి ఎవరు తెచ్చారో గాని, దీనికంటే సహజమైన మాట మరొకటి దొరకదు.

చెమ్మా గాని అష్టా గాని పడితే మరోసారి గవ్వలు వేయవచ్చు. మామూలు గడిలో ఉన్న ఎదుటివారి కాయ మీదికి తన కాయ చేరితే ఆ కాయ చచ్చినట్లు. అది తిరిగి దాని ఇంటికి వెళ్ళి మొదటి నుండి నడవాలి. చంపినవారికి మరో పందెం దక్కుతుంది. కనీసం ఒక్క కాయనైనా చంపనిదే లోపలి వరుసలోకి అడుగు పెట్టే హక్కు రాదు. అప్పటి వరకు ఎంత వేగంగా నడిచినా కాయ వెలుపలే మళ్ళీ మళ్ళీ చుట్టు తిరగవలసిందే.

ఈ చివరి నియమమే అష్టా చెమ్మాను ఉత్త పరుగుపందెం కాకుండా కాపాడుతున్నది. ఎవరినీ నొప్పించకుండా, ఎవరి జోలికీ పోకుండా ఇంటి నుండి ఇంటికి భద్రంగా నడిచేవారు ఈ ఆటలో గెలవలేరు. చంపాలంటే బయటపడాలి, బయటపడితే చావుకు సిద్ధపడాలి. మెత్తని స్వభావం గల పెద్దవాళ్ళు సైతం ఈ పటం ముందు మనవల కాయలను నిర్దాక్షిణ్యంగా చంపుతారు.

పందేల లెక్క

గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే నాలుగు గవ్వలు మొత్తం 16 రకాలుగా పడవచ్చు. వాటిలో రెండు పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, చెమ్మా 1, అష్టా 1. అంటే అన్నిటికంటే తరచుగా పడేది రెండు. నిజమైన గవ్వలు ఇంత న్యాయంగా పడవు. గవ్వ ఆకారాన్ని బట్టి, విసిరే నేలను బట్టి లెక్క కొంత మారుతుంది.

ఈ లెక్క తెలియకపోయినా బాగా ఆడేవారందరికీ దాని ఫలితం అనుభవంలో తెలుసు. ఎదుటివారి కాయకు సరిగ్గా రెండు గడుల ముందు తన కాయను నిలపరాదన్నది అందులో మొదటిది. రెండవది ఇళ్ళ మధ్య దూరం. ఒక ఇంటి నుండి తరువాతి ఇంటికి సరిగ్గా నాలుగు గడులు. కాబట్టి ఇంట్లో ఉన్న కాయకు చెమ్మా పడితే అది పక్క ఇంట్లోకి, అష్టా పడితే ఎదురింట్లోకి వెళ్తుంది. రెండూ భద్రమైన చోట్లే. పెద్ద పందెం పడినప్పుడు ఇంట్లో కాయను నడపాలా, దారిలో ఉన్న కాయను నడపాలా అన్న సందేహం వస్తే ఈ సంగతి గుర్తు తెచ్చుకోవాలి.

ఇంటి నుండి నడిమి గడికి మొత్తం 24 అడుగులు. లోపలి వరుసలో కాయ దిగే మొదటి గడి 16వ అడుగు. అక్కడ నిలిచిన కాయకు అష్టా పడితే ఒక్క దూకుతో పండుతుంది. ఇంకా చిత్రమేమంటే 24 అంటే సరిగ్గా మూడు అష్టాలు. వరుసగా మూడు అష్టాలు పడితే కాయ ఇంటి నుండి నేరుగా పండవచ్చు. అయితే చాలా ఇళ్ళలో వరుసగా మూడుసార్లు చెమ్మాగాని అష్టాగాని పడితే ఆ మూడూ చెల్లవు. ఈ నియమం పెట్టినవారు లెక్కవేసి పెట్టారో లేదో గాని, ఆటలోని అతి పెద్ద అదృష్టానికి మాత్రం తలుపు మూసేశారు.

పండడానికి సరిపడిన పందెమే పడాలి, ఎక్కువ పడితే కాయ కదలదు. నడిమి గడికి ఒక్క అడుగు దూరంలో నిలిచిన కాయకు ఒకటి తప్ప మరేదీ పనికిరాదు. అది 16లో 4 సార్లే పడుతుంది. రెండడుగుల దూరంలో ఉన్న కాయకు రెండు పడితే పండుతుంది, ఒకటి పడితే కనీసం కదులుతుంది. చివరి కాయను తొందరపడి అంచుదాకా తోసుకువెళ్ళి, ఒకటి కోసం ఎదురుచూస్తూ గెలిచే ఆట ఓడినవారు ప్రతి ఇంటా ఉంటారు. లోపలి వరుసలో ఇంటూ గుర్తు ఉన్న గడి ఒక్కటి కూడా లేదన్నది మరచిపోరాదు. అక్కడ చచ్చిన కాయ దాదాపు పూర్తయిన ప్రయాణాన్ని మళ్ళీ మొదలుపెట్టాలి.

ఇంటింటి నియమాలు

అష్టా చెమ్మాకు అందరూ ఒప్పుకున్న ఒకే నియమావళి లేదు. కొందరు చెమ్మాగాని అష్టాగాని పడనిదే మొదటి కాయను ఇల్లు దాటనివ్వరు. మరికొందరు ఏ పందేనికైనా దాటనిస్తారు. కొన్ని ఇళ్ళలో ఒకరివే రెండు కాయలు ఒకే గడిలో చేరితే జంట అవుతాయి. జంటను మరో జంట తప్ప చంపలేదు, జంట కదలాలంటే సరిసంఖ్య పడాలి. జంటకట్టు లేని ఇళ్ళలో ఒకరి రెండు కాయలు మామూలు గడిలో కలిసి నిలవడమే నిషిద్ధం. అదనపు పందెంలో పడిన అంకెలన్నీ ఒకే కాయకు వాడాలా, వేరువేరు కాయలకు పంచుకోవచ్చా అన్నది మరొక తగాదా. చంపనిదే లోపలికి పోరాదన్న నియమాన్ని చిన్నపిల్లలతో ఆడేటప్పుడు సడలించే ఇళ్ళు కూడా ఉన్నాయి.

పెళ్ళిళ్ళలో, పండుగలలో రెండు ఊళ్ళవారు కలిసి కూర్చున్నప్పుడు ఈ తేడాలు బయటపడతాయి. అందువల్ల ఆట మొదలుపెట్టేముందు నియమాలు చెప్పుకోవడం మర్యాద. ఆట మధ్యలో "మా ఇంట్లో ఇలా కాదు" అన్నవారి మాట చెల్లదని సాధారణంగా అందరూ అంగీకరిస్తారు, ఆ మాట అన్నవారు తప్ప.

చరిత్ర

గవ్వలతో, గింజలతో పందెం వేయడం భారతదేశంలో అతి ప్రాచీనమైన అలవాటు. ఋగ్వేదం పదవ మండలంలోని జూదరి సూక్తం (10.34) తాండ్రకాయలతో ఆడే జూదాన్ని, దానివల్ల కూలిపోయిన ఒక మనిషి పశ్చాత్తాపాన్ని వర్ణిస్తుంది. మహాభారతంలో సభాపర్వపు ప్రధాన ఘట్టం పాచికల మీదనే తిరుగుతుంది. ఎల్లోరా గుహలలో శివపార్వతులు పాచికలాడుతున్న శిల్పాలున్నాయి. పాళీ భాషలోని బ్రహ్మజాల సుత్తం భిక్షువులకు తగని ఆటల పట్టికలో ఎనిమిది గడుల, పది గడుల పటాలను పేర్కొంటుంది. అష్టా చెమ్మా పేరులోని అష్టా ఆ ఎనిమిది గడుల పటానిదని కొందరు చెప్పడం సరికాదు. ఇక్కడ ఎనిమిది గడుల పటమే లేదు, ఎనిమిది పందెమే ఉంది.

ప్లస్ గుర్తు ఆకారంలో గుడ్డ మీద కుట్టే పచ్చీసు, చౌపడ్ ఆటలు అష్టా చెమ్మాకు సోదరులు. అక్బరు కొలువులోని అబుల్ ఫజల్ తన అయినీ అక్బరీలో చౌపడ్‌ను వర్ణించాడు. ఫతేపూర్ సిక్రీ కోటలో నేల మీద పరచిన పెద్ద పచ్చీసు పటం నేటికీ ఉన్నది. పచ్చీసును సరళం చేసి, గవ్వల బదులు ఆరు ముఖాల పాచికను చేర్చి ఇంగ్లండులో తయారుచేసిన ఆటే లూడో. దానికి 1896లో పేటెంటు లభించింది. తరువాత అది అట్టపెట్టెలో తిరిగి భారతదేశానికి వచ్చింది. పుట్టింటికి పరాయి పేరుతో వచ్చిన ఆ ఆటను మధ్యతరగతి ఇళ్ళు డబ్బిచ్చి కొనుక్కోగా, అరుగు మీది పటం పేదవారి ఆటగా మిగిలింది. వైకుంఠపాళికి కూడా ఇదే గతి పట్టింది. పాపపుణ్యాల పేర్లు గడిగడికీ రాసి ఉండే ఆ పటం, 19వ శతాబ్దం చివర ఇంగ్లండు చేరి, పాములు నిచ్చెనలు మాత్రమే మిగుల్చుకుని తిరిగి వచ్చింది.

గవ్వ ఒకప్పుడు ఆటవస్తువు మాత్రమే కాదు, చెల్లుబడి అయ్యే నాణెం. మాల్దీవుల నుండి ఓడల మీద వచ్చే గవ్వలు ఒరిస్సా, బెంగాల్ ప్రాంతాలలో 19వ శతాబ్దం తొలినాళ్ళ వరకు చిల్లరగా చెలామణీ అయ్యాయి. "చిల్లిగవ్వ లేదు", "గవ్వకు కొరగాడు" అనే పలుకుబడులలో ఆ కాలం ఇంకా నిలిచి ఉంది. అలాగే "పాచిక పారలేదు" అన్న మాట, పాచికను ఎన్నడూ చూడనివారి నోట కూడా వినిపిస్తుంది.

మైసూరు పాలకుడు ముమ్మడి కృష్ణరాజ ఒడయరు (1794-1868) పటం మీద ఆడే ఆటలను సేకరించి, కొత్తవి కల్పించి, వివరాలు రాయించాడు. తెలుగునాట ఈ ఆటలకు అటువంటి రాజపోషణ దక్కినట్లు చెప్పే గ్రంథం వాడుకలో లేదు. ఇక్కడ వీటిని నిలిపినది మధ్యాహ్నం పనులు ముగించుకున్న ఆడవారు, వేసవి సెలవుల పిల్లలు, శివరాత్రి జాగరణ చేసేవారు.

మరుగున పడడం

20వ శతాబ్దం చివరి రెండు దశాబ్దాలలో ఈ ఆట ఇళ్ళ నుండి తగ్గుతూ వచ్చింది. దూరదర్శన్‌ను, తరువాత కేబుల్ టీవీని ప్రధాన కారణాలుగా చెప్పడం పరిపాటి. కాని అరుగులు పోవడం కూడా అంతే ముఖ్యమైన కారణం. వీధి అరుగు మీద పటం గీస్తే పక్కింటివారు వచ్చి కూర్చునేవారు. నునుపైన టైల్సు మీద సుద్ద గీత సరిగా పడదు, పడినా ఇల్లు మాపుతున్నారని కోప్పడేవారుంటారు. ఉమ్మడి కుటుంబాలు విడిపోవడంతో నాలుగు వైపులా కూర్చునే నలుగురు దొరకడమే కష్టమైంది.

మరొక కారణం జూదమన్న ముద్ర. గవ్వలు చేతపడితే దరిద్రమని, దీపాలు పెట్టే వేళ ఆడరాదని పెద్దలు మందలించేవారు. డబ్బు పెట్టి ఆడే పేకాటకు, కాయలు పండించుకునే ఈ ఆటకు గల తేడాను ఆ మందలింపు గుర్తించలేదు. పల్లెలలో పందెం కట్టి ఆడినవారు లేకపోలేదు గాని, ఇంటి ఆటలో పందెమంటే ఓడినవారు మంచినీళ్ళు తెచ్చిపెట్టడం వంటిదే.

తిరిగి వాడుకలోకి

2000వ దశకం నుండి దక్షిణ భారతదేశంలో పాత ఆటలను వెదకి, తయారుచేసి అమ్మే ప్రయత్నాలు మొదలయ్యాయి. చెన్నైలోని క్రీడా సంస్థ, మైసూరులోని రామ్‌సన్స్ కళా ప్రతిష్ఠాన వీటిలో చెప్పుకోదగ్గవి. రామ్‌సన్స్ వారు క్రీడా కౌశల్య పేరిట ఆటల ప్రదర్శనలు నిర్వహించారు. గుడ్డ మీద కుట్టిన పటాలు, లక్కపూత కాయలు, చెక్కతో చేసిన వామనగుంటల పీటలు దుకాణాలకు వచ్చాయి.

2008లో ఇంద్రగంటి మోహనకృష్ణ దర్శకత్వంలో వచ్చిన అష్టా చమ్మా చలనచిత్రం ఈ పేరును పట్టణ యువతకు మళ్ళీ పరిచయం చేసింది. నాని కథానాయకుడిగా పరిచయమైన ఈ చిత్రానికి మూలం ఆస్కార్ వైల్డ్ నాటకం. సినిమా చూసి ఆట గురించి ఇంట్లో పెద్దలను అడిగినవారికి, అడగడానికి అప్పటికి పెద్దలు ఉన్నారు.

2020లో కోవిడ్ లాక్‌డౌన్ అందరినీ ఇళ్ళలో కూర్చోబెట్టింది. మొబైల్ ఫోన్లలో లూడో కింగ్ ఆట విపరీతంగా వ్యాపించగా, ఎన్నో ఇళ్ళలో అటక మీది గవ్వల సంచీ కిందికి దిగింది. అదే సంవత్సరం జూన్ 28న ప్రసారమైన మన్ కీ బాత్ కార్యక్రమంలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఇంటిలోపలి సంప్రదాయ ఆటలను ప్రస్తావిస్తూ ఆంధ్రప్రదేశ్‌లోని వామనగుంటల పేరు కూడా చెప్పారు. విదేశాలలోని తెలుగువారు కాగితం మీద పటం ముద్రించుకుని, గవ్వల బదులు నాణేలతో ఆడుకోవచ్చు. బొమ్మ పైకి పడితే వెల్లకిలా, బొరుసు పడితే బోర్లా అనుకుంటే సరిపోతుంది.

ఈ పునరుద్ధరణలో ఒక లోటు ఉంది. అచ్చువేసిన పటంతో పాటు వచ్చే కాగితంలో గాని, ఫోన్ ఆటలో గాని ఒకే నియమావళి ఉంటుంది. దానిని చూసి నేర్చుకున్నవారు జంటకట్టును, మూడు అష్టాల రద్దును తప్పుగా భావిస్తారు. వామనగుంటలకు, పులిజూదానికి కూడా ఇదే ఇబ్బంది. చిన్నప్పుడు ఆడినవారు ఉన్నప్పుడే వారి ఇంటి నియమాలను, ఊరి పేరుతో సహా, కాగితం మీద పెట్టడం సులువైన పని. పటం గీసి గవ్వలు చేతికిస్తే, మరచిపోయామన్నవారికి సైతం రెండు మూడు పందేలలో కాయ నడక గుర్తుకు వస్తుంది. అడిగితే చెప్పలేని నియమం ఎదుటివారు తప్పు ఆడగానే బయటికి వస్తుంది. అందువల్ల సేకరించేవారు ప్రశ్నలతో గాక ఆటతోనే మొదలుపెట్టడం మేలు.

ఇవి కూడా చూడండి

వామనగుంటలు
పులిజూదం
వైకుంఠపాళి
పచ్చీసు
దాడి ఆట